వకీల్ సాబ్ దగ్గర మన అమానత్

అబ్బా ఇంతెకాల్ అయ్యాక ఇంట్లో మేం వెతకని పెట్టె లేదు. దాదా రాసిచ్చిన హిబానామా మాత్రం కనిపించలేదు. చివరికి అమ్మీకే గుర్తొచ్చింది: "ఆ బస్తా వకీల్ సాబ్ దగ్గరే ఉండాలి బేటా."

ఆ వకీల్ సాబ్ పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు ఆయన మనవడు అదే గదిలో, అదే బల్ల వెనక కూచొని ప్రాక్టీసు చేస్తున్నాడు. వాళ్లు కాయస్థులు. తాతగారి ఉర్దూ మా దాదా ఉర్దూ కంటే మేలని మా ఇంట్లోనే అనుకునేవారు. మనవడికి మాత్రం ఆ లిపి రాదు. ఎర్రగుడ్డలో కట్టిన బస్తా దుమ్ము దులిపి నా ముందు పెట్టి, "పైన ఫెహరిస్త్ ఉంది, మీరే చదవండి భాయ్" అన్నాడు. నేను చదువుతుంటే ఒక్కో కాగితం తీసి పక్కన పెట్టాడు. పదకొండు రాసి ఉన్నాయి, పదకొండూ దొరికాయి.

మన దగ్గర 'లా ఫర్మ్' అనేది నిన్నమొన్నటి మాట. అసలుది వకీల్ సాబ్ ఇల్లే. ముందు గది ఆఫీసు, ఒక సీనియరు, ఇద్దరు ముగ్గురు జూనియర్లు, వాళ్లందరికంటే ఎక్కువ తెలిసిన ఒక మున్షీ. నిజాం రియాసత్‌లో 1880లలో దఫ్తర్ల నుంచి ఫార్సీ పోయి ఉర్దూ వచ్చింది. దావా, జవాబు, గవాహీ, ఫైసలా అన్నీ ఉర్దూలోనే. ఇమ్తెహాన్ ప్యాసై సనద్ తెచ్చుకున్నవాడే వకీలు. తెలుగు కోసం అంత పాటుపడిన మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు కూడా ఈ అదాలత్‌ల వకీళ్లే. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ వచ్చాక కానూన్ చదువు సైతం ఉర్దూలో సాగింది. మూసీ ఒడ్డున హైకోర్టు భవనం 1920లో తెరిచారు.

ఆ కాలం మాటలు తెలుగులో ఇంకా బతికే ఉన్నాయి: వకాల్తా, జామీను, జప్తు, దస్తావేజు, నకలు. ఒక్క ముద్దాయి మాత్రం తలకిందులైంది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. ఉర్దూ మీడియం నుంచి వచ్చి తెలుగు పేపర్లో చేరిన కొత్తలో నేను ఇద్దర్నీ తారుమారు చేసి డెస్కులో చీవాట్లు తిన్నాను.

1948 తర్వాత కోర్టు పని ఇంగ్లీషుకి మారింది. 1956లో గుంటూరు నుంచి హైకోర్టు ఇక్కడికొచ్చింది. 1961 అడ్వకేట్స్ యాక్ట్ వకీలు, ప్లీడరు, ముఖ్తార్ అనే తేడాలు తీసేసి అందర్నీ అడ్వకేట్లను చేసింది. ఆ చట్టం కింద బార్ కౌన్సిల్ రాసిన కాయిదాలు చదివితే పాత వకీళ్ల పద్ధతులే కాగితం మీదికి ఎక్కాయా అనిపిస్తుంది. గెలిచిన ఆస్తిలో వాటా అడగకూడదు. తాను నడిపిన కేసులో ఆస్తి వేలానికొస్తే పాడకూడదు. ముఅక్కిల్ ఇచ్చిన సొమ్ముకు లెక్క రాయాలి. అతను చెప్పుకున్న సంగతి, కేసు అయిపోయాక కూడా బయటపెట్టకూడదు. తన గురించి ఇష్తెహార్ వేసుకోకూడదు. వకీలు కానివాడితో ఫీజు పంచుకునే పొత్తు కూడా కుదరదు. అందుకే లా ఫర్మ్ ఎంత పెద్దదైనా అందులో భాగస్తులంతా వకీళ్లే.

నికాహ్‌లో దుల్హన్ తరఫున నిలబడేవాణ్నీ మనం వకీల్ అనే అంటాం. నమ్మి ఒప్పగిస్తేనే ఆ మాటకు అర్థం.

అందరూ ఆ తాతా మనవల్లాంటి వాళ్లు కారు. అంతకు కొన్నేళ్ల ముందు, నానా ఇచ్చిన ప్లాటు కేసులో అమ్మీ ఇంకో వకీల్ని పెట్టుకుంది. ఫీజు దగ్గర పేచీ వచ్చింది. "ముందు బాకీ కట్టండి, తర్వాత ఫైలు" అని అసలు దస్తావేజులు తన దగ్గరే పెట్టుకున్నాడు. ఏడాదిన్నర తిరిగాం. చివరికి అమ్మీ గాజులు కుదువపెట్టి డబ్బు కట్టింది. జర్నలిస్టునై ఉండి కూడా, అది తప్పు అని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పిందని నాకు అప్పుడు తెలియదు. భోపాల్‌లో ఒక సహకార బ్యాంకు వకీలు ఫీజు రాలేదని ఫైళ్లు ఆపేస్తే, ముఅక్కిల్ కాగితాల మీద వకీలుకు అలాంటి హక్కు లేదని తీర్పు వచ్చింది. బాకీ ఉంటే వేరే దావా వేసుకోవచ్చు, కాగితాలు మాత్రం ఆపకూడదు. ఇలాంటి వాటిమీద 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి రాతపూర్వకంగా షికాయత్ ఇవ్వొచ్చు. అక్కడ మందలింపు నుంచి సనద్ రద్దు దాకా సజా ఉంది. ఇది తెలిసుంటే ఆ గాజులు అమ్మీ చేతికే ఉండేవి.

బస్తా తీసుకొని లేస్తుంటే మనవడు ఆపాడు. రసీదు కావాలన్నాడు. ఇంగ్లీషులో రాయబోయాను. "వద్దు భాయ్, ఉర్దూలోనే రాయండి. ఆ ఫెహరిస్త్ పక్కనే పెడతా" అన్నాడు.