అప్పుడేమయింది? – పిల్లల కథలు, ఫిలింనగర్

పిల్లలను తెరకెక్కించడంలో తెలుగు సినిమా ఏనాడూ వెనుదీయలేదు. చిత్తజల్లు పుల్లయ్యగారు 1936లోనే 'సతీ అనసూయ', 'ధ్రువవిజయం' చిత్రాలను బాలనటులతో తీసి, రెండింటినీ ఒకే ప్రదర్శనగా చూపారు. 1997లో వచ్చిన గుణశేఖర్ 'రామాయణం'లోనూ రాముడు మొదలు రావణుడి వరకూ అందరూ పిల్లలే. దానికి ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ పురస్కారం దక్కింది. ఈ చరిత్రను తిరగేసినప్పుడల్లా నన్నొక ప్రశ్న వేధిస్తుంది. పాత్రధారులు పిల్లలే, మరి కథకులెవరు? పసివాడి గొంతు విన్నాం గానీ, వాడు తానుగా చెప్పదలచిన కథ విన్నామా?

పిల్లలు చెప్పే కథను శ్రద్ధగా వినండి. దానికి ఉపోద్ఘాతం ఉండదు. ఎవరో తప్పిపోతారు, లేదా ఏ పులో ఎదురవుతుంది. కథ అక్కడే మొదలు. ఎదుటివాడు దిక్కులు చూశాడా, మరుక్షణమే రెండో పులి వస్తుంది! శ్రోత ముఖమే వారికి రాతప్రతి. మన పిల్లలందరికీ కంఠస్థమైన ఏడు చేపల కథనే తీసుకోండి. ఎండని చేప గడ్డిమోపును తప్పుపడుతుంది, గడ్డిమోపు ఆవును చూపుతుంది, అలా అలా కథ చీమ దాకా పోతుంది. ప్రతి సంఘటనా ముందుదానికి జవాబు, తరువాతిదానికి ప్రశ్న. చీమ తన మాట చెప్పగానే కథ ముగుస్తుంది. నీతి చెప్పేవారెవరూ లేరు.

షికాగోలో వివియన్ పేలీ అనే ఉపాధ్యాయిని పసిపిల్లలు చెప్పిన కథలను ఉన్నవి ఉన్నట్లు రాసుకుని, వారిచేతనే తరగతిలో ఆడించేది. 1981 నాటి 'వాలీస్ స్టోరీస్' ఆ అనుభవాల పుస్తకమే. ఆమె కథలను దిద్దలేదు, విన్నది. అసలు విద్య అదే.

వినే పిల్లవాణ్ణి ఎరిగినవారు మనకూ లేకపోలేదు. 1947 జూలైలో 'చందమామ'ను ఆరంభించిన చక్రపాణి, నాగిరెడ్డి గార్లే మద్రాసులో 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) నిర్మించారు. ఆ చిత్రాలలో 'అప్పుడేమయింది?' అన్న ప్రశ్న ఒక్క క్షణం కూడా చల్లారకపోవడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం.

తరువాత పరిశ్రమ క్రమంగా హైదరాబాదుకు తరలింది. 1976లో అన్నపూర్ణ స్టూడియో, ఆపైన ఫిలింనగర్‌లో రామానాయుడు స్టూడియో వెలిశాయి. జూబ్లీహిల్స్‌లో నేటికీ కథను ముందు నోటితోనే వినిపిస్తారు. ఏడు చేపల కథలాగే సినిమా కూడా మౌఖికంగానే పుడుతుందన్నమాట. అయితే అక్కడ కథానాయకుడి ప్రవేశం, పోరాటం, పాట ముందే నిశ్చయమై, వాటిని కలిపే దారం కోసం వెదుకులాట సాగడం కద్దు. పిల్లవాడు దారంతోనే మొదలుపెడతాడు.

2013లో హైదరాబాదు అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవంలో పిల్లలు స్వయంగా తీసిన చిత్రాలకు 'లిటిల్ డైరెక్టర్స్' అనే విభాగం ఏర్పడింది. పుల్లయ్యగారి చిత్రాలకు 77 ఏళ్ళ తరువాత, పిల్లలు కెమెరా వెనుక నిలబడగా చూసే భాగ్యం మన ఊరికి కలిగింది. 2017లో ఇరవయ్యవ ఉత్సవం జరిగింది. దాన్ని నిర్వహించిన బాలల చలనచిత్ర సంస్థ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమై, తన ప్రత్యేక అస్తిత్వాన్ని కోల్పోయింది.

పిల్లలకు కథలు చెప్పేవారు మనకు కొదువ లేదు. వారి కథలు వినే పెద్దలే కరువు. ఫిలింనగర్‌లో ఏటా ఒక్కరోజు నిర్మాతలూ రచయితలూ చాప పరచుకుని కూర్చొని పిల్లలచేత కథ చెప్పించుకుంటే, ఆ లాభం పిల్లలకంటే పెద్దలకే ఎక్కువని నాకనిపిస్తుంది. మీరేమంటారు?