జెరూసలేం ఉత్తరం నుంచి డిజిటల్ అరెస్టు దాకా

మీ స్పామ్ ఫోల్డరు ఒకసారి తెరిచి చూడండి. ముక్కూ మొహం తెలియని విధవరాలెవరో మీకు కొన్ని మిలియన్ డాలర్లు రాసిస్తానని మెయిల్ పంపే ఉంటుంది. నవ్వొస్తుంది కదూ? ఈ ఉత్తరం వయసు రెండొందల ఏళ్ళ పైమాటే అంటే నమ్ముతారా?

ఫ్రెంచి విప్లవం తర్వాతి రోజుల్లో అక్కడి జైళ్ళలోని ఖైదీలు డబ్బున్నవాళ్ళ చిరునామాలు సంపాదించి ఉత్తరాలు రాసేవాళ్ళు. మా దొరగారు ప్రాణభయంతో పారిపోతూ నగల పెట్టె ఒకచోట దాచారు, నేనేమో జైల్లో ఇరుక్కున్నాను, కాస్త డబ్బు పంపితే ఆ చోటు చెప్తాను.. ఇదీ కథ. మొదట దొంగగా బతికి తర్వాత పోలీసు అయిన విదోక్ 1828లో వెలువడిన తన జ్ఞాపకాల్లో వీటిని 'జెరూసలేం ఉత్తరాలు' అన్నాడు. వందకి ఇరవై ఉత్తరాలకి జవాబులొచ్చేవట!

పందొమ్మిదో శతాబ్దం చివరికి అదే కథ 'స్పానిష్ ఖైదీ' అయింది. 1980లలో నైజీరియా నుంచి కాగితం ఉత్తరాలుగా, ఫాక్సులుగా తిరిగింది. మెయిల్ వచ్చాక పంపే ఖర్చు దాదాపు సున్నా. ఆ దేశపు శిక్షాస్మృతిలో మోసానికి సంబంధించిన సెక్షను 419, అందుకే దీనికి ఆ పేరు. ఇంత తెలిసిపోయాక కూడా వాళ్ళు నైజీరియా అనే ఎందుకు రాస్తారు? మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కోర్మాక్ హెర్లీ 2012లో దీనికి మంచి జవాబు చెప్పాడు. మెయిల్ పంపడానికి ఖర్చు లేదు గానీ, జవాబిచ్చిన ప్రతివాడితో వారాల తరబడి మాట్లాడటానికి బోలెడు సమయం పడుతుంది. అనుమానించేవాళ్ళు మొదట్లోనే నవ్వుకుని పోవాలి, నమ్మేవాళ్ళే మిగలాలి. అంటే ఆ పిచ్చి కథ ఒక ఫిల్టరు అన్నమాట.

మనకి మాత్రం ఇది కొత్తా? వెంకన్న పేరుతో కరపత్రాలు గుర్తున్నాయా? ఇన్ని కాపీలు అచ్చేయించి పంచినవాడికి ధనం దొరికింది, చింపేసినవాడికి కీడు జరిగింది, మీకు ఇన్ని రోజులే గడువు! ఆశ, భయం, తొందర.. మూడూ ఒకే కాగితంలో. బాగుపడింది ప్రెస్సువాడే, అది వేరే సంగతి. కోట్లలో లాటరీ తగిలిందనీ, రిజర్వు బ్యాంకులో మీ డబ్బు ఆగిందనీ వచ్చిన మెయిళ్ళలో ఉన్నదీ ఆ మూడే. పైగా 'ముందు కొంచెం ఫీజు కట్టండి' అన్నది చేరింది.

ఈమధ్య పాళ్ళు మారాయి. ఆశ తగ్గింది, భయం పెరిగింది. మీ పేరు మీద పార్సిల్లో డ్రగ్స్ దొరికాయి, మేం సీబీఐ, వీడియో కాల్ కట్ చెయ్యొద్దు, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు. దీనికే డిజిటల్ అరెస్టు అని పేరు. మన చట్టంలో అలాంటిది లేదని 2024 అక్టోబరులో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పారు కూడా. అయినా ఏడాది తిరిగేసరికి, 2025 అక్టోబరులో, మైదుకూరు ఎమ్మెల్యే అంతటాయన ఇలాగే కోటి రూపాయల పైన పోగొట్టుకున్నారని వార్త! పోలీసులు సెల్యూట్ కొట్టే మనిషికే అలా అయితే మామూలు వాళ్ళ మాటేంటి?

అందుకే 'చదువుకున్నోళ్ళు మోసపోరు', 'అత్యాశ ఉన్నోళ్ళకే ఇలా జరుగుతుంది' అనే మాటలు నాకు నచ్చవు. మా జంగారెడ్డిగూడెంలో పొగాకు వేలం డబ్బో, పామాయిల్ గెలల డబ్బో బ్యాంకులో ఉంటుంది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. 'మీ అబ్బాయి కేసులో ఇరుక్కున్నాడు' అంటే ఏ తల్లి గుండె ఆగదు? ఆవిడది అత్యాశ కాదు, ప్రేమ. దొంగకి కావల్సింది అదే.

కాబట్టి ఇంట్లోవాళ్ళకి కొత్త మోసాల జాబితా బట్టీ పట్టించక్కర్లేదు, అది రోజూ మారుతుంది. మారనివి చెప్పండి. అడగకుండా వచ్చిన కబురు. తొందర పెట్టడం. ఎవరికీ చెప్పొద్దనడం. ముందు డబ్బు కట్టమనడం. అన్నిటికంటే ముఖ్యం ఆ 'ఎవరికీ చెప్పొద్దు'. అది వినగానే ఫోన్ పెట్టేసి, పక్కింటి బాబాయికైనా చెప్పాలి. ఓటీపీ ఎవరికీ ఇవ్వకూడదు. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, పంపడానికే కావాలి.

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత త్వరగా చెప్తే, ఆ డబ్బు ఖాతాలు మారకముందే ఆపించే అవకాశం అంత ఎక్కువ. ఇక్కడ అడ్డొచ్చేది సిగ్గు. పిల్లలు తిడతారని అమ్మా నాన్నా రెండు రోజులు దాచుకుంటే దొంగకి ఆ రెండు రోజులూ కలిసొచ్చినట్టే. మోసం ఎలా జరుగుతుందో వాళ్ళకి చెప్పడంతో పాటు, జరిగితే తిట్టమని కూడా ముందే చెప్పి ఉంచండి. ఏమంటారు?