కుడి కన్ను 1905, ఎడమ కన్ను 1888

"కళ్ళద్దాలు ఎక్కడ పోయాయి? లేజర్ చేయించుకున్నావా?" ఆఫీసులో ఈ ప్రశ్నకి జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. లేదండీ, నాకు లేజర్ చేయరు, చేయకూడదు కూడా. నాకున్నది కెరటోకోనస్. పేరు వినగానే "డైనోసారా?" అన్నాడు మా టీమ్‌లో ఒకడు. టీ బ్రేకులో ఐదు నిముషాల్లో తేలే సంగతి కాదు కాబట్టి ఒకేసారి తీరిగ్గా రాసేస్తున్నా. అయితే జబ్బు కన్నా దాని వైద్యం చరిత్రే ఎక్కువ చెప్తాను. సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి మనకి అది బాగా అర్థమయ్యే కథ అని నా నమ్మకం.

ముందు జబ్బు సంగతి. నల్లగుడ్డు మీద, గడియారానికి అద్దంలాగా, పారదర్శకమైన పొర ఒకటుంటుంది. అదే కార్నియా. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరు కన్నా కాస్త ఎక్కువ, అంతే. మామూలుగా నున్నగా, బంతి ముక్కలా ఉంటుంది. కెరటోకోనస్ వచ్చినవాళ్ళకి చాలావరకు టీనేజిలోనే ఆ పొర పల్చబడి ముందుకు పొడుచుకొచ్చి, శంకువులా తయారవుతుంది. పొర వంకరైతే వెలుతురు ఒక చోట కలవదు. క్రిస్మస్‌కి మెదక్ చర్చి గోపురానికి లైట్లు పెడితే ఊరంతా ఒక గోపురాన్ని చూసేది, నేను నాలుగైదు చూసేవాణ్ణి. ఒక్కో లైటుకీ తోకచుక్కలా తోక! కోడ్‌లో కోలన్‌కీ సెమీకోలన్‌కీ తేడా తెలిసేది కాదు. కళ్ళద్దాలు సరిచేసేది ఒక క్రమం ఉన్న వంపుని. ఇక్కడ క్రమమే లేదాయె.

మాది హవేలిఘనపూర్, మెదక్ పక్కనే. హైస్కూల్లో ఉన్నప్పుడు ఏడాదికోసారి కొత్త అద్దాలు. ప్రతిసారీ సిలిండర్ నంబర్ పెరిగేది. ఎందుకు పెరుగుతోందని అద్దాలిచ్చినవాళ్ళు ఒక్కసారీ ఆలోచించలేదు. 2016లో, ఇంజనీరింగ్ రెండో ఏడు, హైదరాబాద్‌లో కంటి మ్యాపు తీస్తేగానీ సంగతి బయటపడలేదు. వాతావరణ శాఖ వాళ్ళ ఎండల మ్యాపులా ఉంటుందది. నా రెండు కళ్ళలోనూ కింది భాగంలో ఎర్రటి మచ్చ.

ఇక చరిత్ర. ఈ జబ్బు గురించి మొదటి సమగ్రమైన పుస్తకం 1854లో లివర్‌పూల్ వైద్యుడు జాన్ నాటింగ్‌హామ్ రాశాడు. కానీ మందు ఆలోచన అంతకు ముందే పుట్టింది, అదీ డాక్టరు బుర్రలో కాదు. ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1827లో కాంతి మీద రాసిన పెద్ద వ్యాసంలో ఒక ఊహ చేశాడు. వంకర కార్నియా మీద జెల్లీ లాంటి పారదర్శక పదార్థం నింపి, దాన్ని గాజు గిన్నెతో పట్టి ఉంచితే? గతుకుల రోడ్డు మీద నీళ్ళు నిలిస్తే పైభాగం సమంగా ఉంటుంది కదా, అలాగన్నమాట. కార్నియా ఆకారాన్ని మార్చక్కర్లేదు, దాని ముందు కొత్త నున్నటి ఉపరితలం పెడితే చాలు. మన భాషలో చెప్పాలంటే పాత కోడ్ ముట్టుకోకుండా పైన ఒక రాపర్ రాయడం.

అరవై ఏళ్ళ తర్వాత, 1888లో, జ్యూరిచ్‌లో అడాల్ఫ్ ఫిక్ అనే డాక్టరు దాన్ని చేసి చూపించాడు. ముందు కుందేళ్ళకి, తర్వాత తనకి, ఆ తర్వాత రోగులకి పెట్టాడు. కంటి తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద గాజు చిప్ప, లోపల ద్రాక్ష చక్కెర కలిపిన నీళ్ళు. ఏ రెండు గంటలో తప్ప ఎవరూ భరించలేకపోయారు. అదే ఏడాది పారిస్‌లో యూజీన్ కాల్ట్ కెరటోకోనస్ రోగులకే గాజు చిప్పలు వాడాడు. మరుసటేడు ఆగస్ట్ ముల్లర్ అనే వైద్య విద్యార్థి తన కంటికి తానే తయారు చేసుకున్నాడు. కొకైన్ చుక్కలు వేసుకుని పెట్టుకున్నా అరగంటకి మించి ఓర్చుకోలేకపోయాడట!

లోపం ఎక్కడుంది? కార్నియాలో రక్తనాళాలు ఉండవు. ఉంటే పారదర్శకంగా ఉండదు. మెలకువగా ఉన్నంతసేపూ దానికి కావలసిన ఆక్సిజన్‌ని చాలావరకు గాలి నుంచే తీసుకుంటుంది. పెద్ద గాజు చిప్ప బోర్లిస్తే ఊపిరాడదు. అంటే డిజైన్ సరైనదే, హార్డ్‌వేర్ రాలేదు. తర్వాత ప్లాస్టిక్ వచ్చినా అదీ గాలి చొరనివ్వని పదార్థమే. అందుకే 1948లో కాలిఫోర్నియాలో కెవిన్ టుయోహీ లెన్సునే చిన్నది చేసేశాడు. కార్నియా మీద మాత్రమే తేలే బుల్లి గట్టి లెన్స్. రెప్ప వేసినప్పుడల్లా కింద కన్నీరు మారి కాస్త గాలి ఆడుతుంది. దశాబ్దాల పాటు కెరటోకోనస్ వాళ్ళకి ఇదే గతి. 1970ల చివర్లో గాలి చొరబడే గట్టి ప్లాస్టిక్ వచ్చాక కొంత నయమైంది.

నేను మొదట వాడిందీ ఆ చిన్న లెన్సే. శంకువు కొన మీద అది రాసుకుంటుంటే ఇసుక రేణువు పడ్డట్టే. బైక్ మీద బాలానగర్ దుమ్ములో వెళ్తూ ఎన్నిసార్లు రోడ్డు పక్కన ఆగానో లెక్కలేదు. ఒకసారి మెదక్ బస్సులో లెన్స్ జారిపోతే నాతోపాటు నలుగురు ప్రయాణికులు సీట్ల కింద వెతికారు. దొరకలేదు.

ఇప్పుడు అసలు మలుపు. గాలి చొరబడే ప్లాస్టిక్ చేతికొచ్చాక కొందరు మళ్ళీ ఫిక్ దగ్గరికే వెళ్ళారు. 1983లో ఆస్ట్రేలియాలో డాన్ ఎజెకియెల్ ఆ పదార్థంతో పెద్ద లెన్స్ చేశాడు. బోస్టన్‌లో పెర్రీ రోసెంతాల్ అదే పనిలో ఉండి, 1992లో దానికోసం ఒక సంస్థే పెట్టాడు. ఇవే స్క్లెరల్ లెన్సులు. నా ఎడమ కంట్లో ఉన్నది ఇదే. చిన్న రబ్బరు గొట్టం మీద లెన్సుని గిన్నెలా పెట్టి, ప్రిజర్వేటివ్ లేని సెలైన్‌తో నింపి, బల్ల మీద అద్దం పడుకోబెట్టి, ముఖం నేలకి సమాంతరంగా వంచి పెట్టుకోవాలి. లోపల గాలి బుడగ చిక్కిందా, తీసి మళ్ళీ మొదలు. మొదటి నెల రోజూ పొద్దున ముప్పావుగంట పట్టేది, ఇప్పుడు మూడు నిముషాలు. మధ్యాహ్నానికి లోపలి నీళ్ళు కాస్త మబ్బు పడతాయి. తీసి కడిగి మళ్ళీ నింపుకుంటాను. నొప్పి లేదు, దుమ్ము చేరదు. చర్చి గోపురం ఒక్కటే కనిపిస్తోంది :) హెర్షెల్ ఊహ, ఫిక్ డిజైన్, వందేళ్ళు ఆలస్యంగా వచ్చిన ప్లాస్టిక్. అంతే.

కుడి కన్ను కథ వేరు. అక్కడ కార్నియా మరీ పల్చబడి, మచ్చ కూడా పడింది. మచ్చని ఏ లెన్సూ దాటలేదు. 2019లో గ్రాఫ్ట్ వేశారు, అంటే చనిపోయిన ఒకరి కార్నియా.

దీనికి మూలం 1905 డిసెంబర్ 7. నేటి చెక్ దేశంలోని ఓలోమూట్స్‌లో ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు, సున్నం పడి రెండు కళ్ళూ పోయిన కూలీకి, గాయపడి తీసేయాల్సి వచ్చిన ఒక పిల్లాడి కంటి నుంచి కార్నియా తీసి అతికించాడు. ఒక కంట్లో నిలిచింది. పూర్తి మందం కార్నియా మార్పిడి మనిషిలో నిలవడం అదే మొదటిసారి. లెన్సుకి గాలి కరువు చేసిన ఆ రక్తనాళాలు లేకపోవడమే ఇక్కడ వరమైంది. రక్తం అంతగా చేరని చోట శరీరం పరాయి కణజాలాన్ని తేలిగ్గా పసిగట్టలేదు. 1936లో న్యూయార్క్‌లో రామోన్ కాస్ట్రోవియేహో దీన్ని కెరటోకోనస్‌కి వాడాడు.

మరి ఇక్కడ అడ్డం పడిందేమిటి? కన్ను ఎవరిస్తారు అన్నది. బతికున్నవాళ్ళ నుంచి తీసేసిన కళ్ళు ఎన్ని దొరుకుతాయి? 1930లలో ఒడెస్సాలో ఫిలాతోవ్, చనిపోయినవాళ్ళ కార్నియా పనికొస్తుందని పెద్ద ఎత్తున చేసి చూపించాడు. మన దేశంలో మొదటి ఐ బ్యాంకు 1945లో మద్రాసులో డాక్టర్ ఆర్.ఇ.ఎస్. ముత్తయ్య పెట్టారు. మెదక్ అప్పుడు నిజాం రాజ్యం, మా తాతలకి మద్రాసు పరాయి దేశం కింద లెక్క. తీసిన కార్నియాని నాలుగు రోజులు నిలవ ఉంచే ద్రావణం 1974లో మెక్‌కేరీ, కాఫ్‌మన్ తయారు చేశారు. అప్పటినుంచి ఒక ఊళ్ళో తీసిన కార్నియాని ఇంకో ఊళ్ళో తీరిగ్గా వేసే వీలు కలిగింది.

మన వైపు కథ 1987లో మారింది. అమెరికాలో కార్నియా వైద్యం చేసి, నేర్పి వచ్చిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో కంటి ఆసుపత్రి పెడితే, సినిమా నిర్మాత ఎల్.వి. ప్రసాద్ బంజారాహిల్స్‌లో ఐదెకరాలు, కోటి రూపాయలు ఇచ్చారు. 1989లో అక్కడే రామాయమ్మ ఐ బ్యాంకు మొదలైంది. వాళ్ళు చేసిన తెలివైన పని, చనిపోయేవాళ్ళ ఇంటివాళ్ళు ఫోన్ చేస్తారని కూర్చోకుండా, పెద్ద ఆసుపత్రుల్లో కౌన్సెలర్లని పెట్టి, దుఃఖంలో ఉన్న కుటుంబాల్ని మర్యాదగా అడిగించడం. ఆ సంస్థలో జరిగిన కార్నియా మార్పిడులు 2023లో 50 వేలు దాటాయి. సర్జరీ 1905లోనే ఉంది. లేనిది అడిగే మనిషి.

గ్రాఫ్ట్ వేస్తే అంతా అయిపోయినట్టేనా? కాదు. కుట్లు ఏడాదికి పైగా ఉన్నాయి, చుక్కలు ఇంకా వేస్తూనే ఉన్నా. కన్ను ఎర్రబడినా చూపు మసకేసినా, రిలీజ్ ఉందా, మీటింగ్ ఉందా అని చూడకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. కుట్ల వల్ల వంపు సమంగా రాలేదు కాబట్టి ఆ కంటికీ లెన్సే. అంటే నా కుడి కంట్లో 1905 మీద 1888 కూర్చుంది. మార్పిడి తర్వాత మళ్ళీ లెన్స్ వాడేవాళ్ళు చాలామందే ఉంటారు. "ఆపరేషన్ చేయించేసుకుంటే పీడా పోతుంది" అని సలహాలిచ్చే బంధువులకి ఇది చెప్పండి.

అసలు జబ్బు పెరగకుండా ఆపే వైద్యం మాత్రం కొత్తది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో వొలెన్సాక్, ష్పోర్ల్, జైలర్ 2003లో ప్రకటించారు. కార్నియాకి రైబోఫ్లేవిన్ పట్టించి, అంటే బి2 విటమిన్, అరగంట అతినీలలోహిత కాంతి వేస్తే లోపలి పోగులు గట్టిపడతాయి. అమెరికా ఎఫ్.డి.ఎ. 2016 ఏప్రిల్‌లో ఆమోదించింది. అదే ఏడాది అక్టోబర్‌లో మా ఊరు మండలం అయింది! నా ఎడమ కంటికి ఆ సంవత్సరమే చేశారు, అప్పటినుంచి శంకువు కదల్లేదు. కుడి కంటికి ఆలస్యమైంది, ఆ పద్ధతికి కావలసిన మందం మిగల్లేదు. పోయిన చూపుని ఇది పెద్దగా తిరిగి తేదు, ఉన్నదాన్ని నిలుపుతుంది. అందుకే తొందరగా పట్టుకోవాలి.

ఇది అరుదైన జబ్బనే మాట పాతది. మిన్నెసోటాలోని ఒక కౌంటీ రికార్డుల ప్రకారం లక్షకి 54 మంది అని 1986లో రాశారు. మంచి మ్యాపులు వచ్చాక నెదర్లాండ్స్‌లో 2017లో లక్షకి 265 అని తేలింది. నాగపూర్ వైపు పల్లెల్లో 30 ఏళ్ళు దాటినవాళ్ళని చూసిన సర్వే 2009లో నూటికి 2.3 అంది. ఒక్కోచోట కొలత ఒక్కోటి, పక్కపక్కన పెట్టి పోల్చలేం. అయినా మన పల్లెల్లో వెతికితే దొరుకుతారని మాత్రం అర్థమవుతోంది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. లెన్సుకి ప్లాస్టిక్ రావాలి, వచ్చింది. గ్రాఫ్టుకి ఇచ్చేవాళ్ళు రావాలి, అడిగితే వస్తున్నారు. క్రాస్‌లింకింగ్‌కి కావలసింది సమయానికి ఒక మ్యాపు. అదే మెదక్ లాంటి చోట్లకి ఇంకా సరిగ్గా చేరలేదు. మీ ఊళ్ళో, మీ అక్క పిల్లలకో బాబాయి పిల్లలకో ఏటేటా సిలిండర్ నంబర్ పెరుగుతుంటే, ఊరికే కళ్ళు నులుముకుంటుంటే, కొత్త అద్దాలతో సరిపెట్టకుండా ఒక్కసారి టోపోగ్రఫీ తీయించండి. పది నిముషాల పని.

రెండో మాట కళ్ళ దానం గురించి. చనిపోయిన ఆరు గంటల్లోపు తీయాలి, వాళ్ళే ఇంటికొస్తారు, ముఖం వికారం కాదు. మా నానమ్మకి ఇదంతా చెప్తే, "కండ్లిస్తే మళ్ళ జన్మల గుడ్డిగ పుడ్తరంట గదరా" అంది. "నాకిచ్చినోళ్ళు ఎక్కడ పుట్టిన్రో ఏమో గానీ, వాళ్ళ కన్ను నిన్ను చూస్తున్నది నానమ్మా" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అనుమానంగా, "నాకు శుక్లాల ఆపరేషన్ అయింది గద బిడ్డా, నావి పనికొస్తయా?" అంది.

పనికొస్తాయి. శుక్లాలకి మార్చేది లోపలి లెన్సుని, కావలసింది పైనున్న కార్నియా.