‘స్కార్లెట్ హార్ట్’: భవిష్యత్తు తెలిసినా తప్పని విషాదం

‘బు బు జింగ్ శిన్’ 2011 సెప్టెంబరులో హునాన్ టెలివిజన్‌లో ప్రసారమైన 35 భాగాల చైనా చారిత్రక ప్రణయ ధారావాహిక. అడుగడుగునా గుండె ఉలిక్కిపడటం అన్నది ఈ పేరుకు అర్థం. అంతర్జాతీయంగా ఇది ‘స్కార్లెట్ హార్ట్’ అనే పేరుతో ప్రసిద్ధి పొందింది. రచయిత్రి తోంగ్ హువా 2005లో అంతర్జాలంలో వెలువరించిన నవల దీనికి ఆధారం. లీ క్వోలి దర్శకత్వ బాధ్యతలు నిర్వహించారు. నాయిక రువోషీగా ల్యూ షిషి, నాలుగో రాకుమారుడిగా నిక్కీ వూ, ఎనిమిదో రాకుమారుడిగా కెవిన్ చెంగ్, పదమూడో రాకుమారుడిగా యువాన్ హాంగ్, పద్నాలుగో రాకుమారుడిగా లిన్ గెంగ్‌షిన్ నటించారు.

చారిత్రక నేపథ్యం

చింగ్ వంశ చక్రవర్తి కాంగ్‌షీ 1661 నుంచి 1722 వరకు, అరవై ఏళ్లకు పైగా చైనాను పాలించారు. తండ్రి పాలన ఇంతకాలం సాగడంతో కుమారులు నడివయసుకు చేరుతున్నా సింహాసనం ఖాళీ కాలేదు. యువరాజు యిన్‌రెంగ్‌ను చక్రవర్తి 1708లో పదవి నుంచి తొలగించి, మరుసటి ఏడాది తిరిగి నియమించి, 1712లో మళ్లీ తొలగించారు. ఆ తర్వాత వారసుని బహిరంగంగా ప్రకటించలేదు. 1708లో వారసుని పేరు సూచించమని కోరినప్పుడు ఆస్థాన మంత్రులలో అధికులు ఎనిమిదో రాకుమారుడు యిన్‌సి పేరు చెప్పారు. కుమారుని పలుకుబడి ఇంతగా పెరగడం తండ్రికి ఆగ్రహం తెప్పించింది. చివరకు నాలుగో రాకుమారుడు యిన్‌జెన్ 1722లో యోంగ్‌జెంగ్ చక్రవర్తిగా సింహాసనమెక్కారు. చైనా చరిత్రలో ఈ ఘట్టం తొమ్మిది మంది రాకుమారుల పోరుగా ప్రసిద్ధం.

కథాంశం

షెన్‌జెన్ నగరంలో ఉద్యోగం చేసుకునే ఆధునిక యువతి ఝాంగ్ షియావో ప్రమాదానికి గురై స్పృహ కోల్పోతుంది. మూడు శతాబ్దాల వెనుక, కాంగ్‌షీ పాలనలోని 43వ ఏట, మార్తాయ్ రువోషీ అనే బాలిక దేహంలో కళ్లు తెరుస్తుంది. రువోషీ అక్క ఎనిమిదో రాకుమారునికి ద్వితీయ భార్య. ఆ ఇంటి చనువుతో రాకుమారులందరితో పరిచయం పెరుగుతుంది. అనంతరం రాజప్రాసాదంలో పరిచారికగా చేరి చక్రవర్తికి తేనీరు అందించే బాధ్యతకు ఎదుగుతుంది.

ఎవరు రాజవుతారో, ఎవరు చెరసాలలో మరణిస్తారో రువోషీకి ముందే తెలుసు. మొదట ప్రేమించిన ఎనిమిదో రాకుమారుని సింహాసన కాంక్ష విడిచిపెట్టమని ఆమె వేడుకుంటుంది. అతడు అంగీకరించడు. విడిపోయే వేళ, అతని ప్రాణం దక్కాలన్న తపనతో, నాలుగో రాకుమారుని విషయంలో జాగ్రత్త వహించమని, అతని పక్షాన నిలవబోయే కొందరి పేర్లతో సహా హెచ్చరిస్తుంది.

కథకు ఇరుసు ఈ హెచ్చరికే. అంతవరకు అన్నను ప్రత్యర్థిగా లెక్కించని ఎనిమిదో రాకుమారుడు దానితో అతనిపై కుట్రకు పూనుకుంటాడు. ఆ నేరాన్ని తన మీద వేసుకొని పదమూడో రాకుమారుడు పదేళ్లు నిర్బంధంలో మగ్గుతాడు. రువోషీకి అతడు ఆప్తమిత్రుడు. అతని కోసం ఆమె వానలో మోకరిల్లినప్పుడు నాలుగో రాకుమారుడు గొడుగు విసిరేసి పక్కన తడుస్తూ నిలుస్తాడు. అప్పటికి వారిద్దరి నడుమ ప్రేమ చిగురించి ఉంటుంది. పద్నాలుగో రాకుమారునితో వివాహానికి చక్రవర్తి ఆజ్ఞాపించగా ఆమె నిరాకరించి, శిక్షగా ప్రాసాదపు బట్టలుతికే విభాగానికి చేరుతుంది.

యోంగ్‌జెంగ్ సింహాసనమెక్కాక వారిద్దరూ ఒక్కటవుతారు. అయితే చక్రవర్తి ప్రతీకారానికి గురయ్యేవారంతా రువోషీకి కావలసినవారే. తోబుట్టువులా మెలగిన పరిచారికకు ఆమె కళ్లెదుటే ఘోరమైన మరణశిక్ష పడుతుంది. తన హెచ్చరికే అన్నదమ్ముల వైరానికి నిప్పు రాజేసిందన్న నిజం ఎనిమిదో రాకుమారుని భార్య నోట విని ఆమె కుప్పకూలుతుంది. గర్భస్థ శిశువునూ కోల్పోతుంది. ప్రాసాదం విడిచిపోవడానికి మార్గంగా పద్నాలుగో రాకుమారుని వివాహమాడి వెళ్లిపోతుంది.

అవసాన దశలో చక్రవర్తిని చూడాలని ఆమె ఉత్తరం రాస్తుంది. ఆమె దస్తూరి చక్రవర్తి దస్తూరిని పోలి ఉండటంతో, ఎవరికీ అనుమానం కలగకూడదని పద్నాలుగో రాకుమారుడు దానిని మరో కవరులో ఉంచి పైన తన చేతితో రాసి పంపుతాడు. తమ్ముడు మళ్లీ నిందిస్తూ రాశాడనుకొని చక్రవర్తి దానిని విప్పకుండా పక్కన పెడతాడు. నిజం తెలిసేసరికి ఆమె లేదు.

చరిత్ర, కల్పన

రువోషీ పూర్తిగా కల్పిత పాత్ర. ఆమె చుట్టూ ఉన్న రాకుమారుల ముగింపు మాత్రం చాలావరకు వాస్తవం. కొత్త చక్రవర్తి పేరులోని ‘యిన్’ అక్షరాన్ని సోదరులెవరూ వాడరాదన్న ఆచారం మేరకు వారి పేర్లు ‘యున్’గా మారాయి. ఎనిమిదో, తొమ్మిదో రాకుమారులను రాజవంశం నుంచి వెలివేసి, అవమానకరమైన పేర్లు పెట్టి బంధించగా, ఇద్దరూ 1726లో నిర్బంధంలోనే మరణించారు. పదమూడో రాకుమారుడు యిన్‌షియాంగ్ అన్నకు కుడిభుజంగా నిలిచి 1730లో కన్నుమూశారు.

పద్నాలుగో రాకుమారుడు యిన్‌తి నాలుగో రాకుమారునికి ఒకే తల్లి బిడ్డ. జుంగార్లు 1717లో లాసాను ఆక్రమించిన తర్వాత వారిపైకి పంపిన చింగ్ సేనలకు ఆయన అధిపతిగా నియమితులయ్యారు. ఆ సేనలు 1720లో లాసాను స్వాధీనం చేసుకున్నాయి. తండ్రి మరణించే నాటికి ఆయన రాజధానికి దూరంగా వాయవ్య సరిహద్దుల్లో ఉన్నారు. వీలునామాను అన్న తారుమారు చేశారన్న వదంతి ప్రబలడానికి ఈ గైర్హాజరీ కూడా తోడ్పడింది. యోంగ్‌జెంగ్ పాలనలో నిర్బంధం అనుభవించిన ఆయన, తర్వాతి చక్రవర్తి హయాంలో విడుదలై 1755 వరకు జీవించారు.

ప్రభావం

కాలప్రయాణ కథలు చరిత్రను చులకన చేస్తున్నాయని చైనా ప్రసార నియంత్రణ సంస్థ 2011లోనే అసంతృప్తి వ్యక్తం చేసింది. అదే ఏడాది ప్రసారమైన ఈ ధారావాహికకు మాత్రం విశేష ఆదరణ లభించింది. 2014లో ఆధునిక నేపథ్యంతో రెండో భాగం, 2015లో చలనచిత్ర రూపం వచ్చాయి. 2016లో దక్షిణ కొరియాకు చెందిన ఎస్‌బీఎస్ ఈ కథను కొర్యో రాజ్యానికి మార్చి ‘మూన్ లవర్స్’ పేరుతో 20 భాగాలుగా ప్రసారం చేసింది. అక్కడ నాలుగో రాకుమారుడు వాంగ్ సో, కాలక్రమంలో గ్వాంగ్‌జోంగ్ రాజుగా మారతాడు. తెరపై విడిపోయిన ల్యూ షిషి, నిక్కీ వూ నిజజీవితంలో 2015లో దంపతులయ్యారు.

కాలంలో వెనక్కి వెళ్లిన పాత్రకు భవిష్యత్ జ్ఞానం సాధారణంగా ఆయుధమవుతుంది. రువోషీకి అదే శాపమైంది. ఆమె చరిత్రను ఒక్క అక్షరమైనా మార్చలేకపోగా, తెలిసిన దానిని ప్రేమతో పంచుకోవడం వల్లే తాను భయపడిన విపత్తుకు బాట వేసింది. ఈ విషాదంలో దుష్టపాత్ర అంటూ ప్రత్యేకంగా ఎవరూ లేరు. ప్రతి ఒక్కరూ తమవారిని కాపాడుకోబోయి మరొకరికి ముప్పు తెస్తారు.

ముగింపులో ఝాంగ్ షియావో వర్తమానంలో మేల్కొని రువోషీ పేరు కోసం చరిత్ర గ్రంథాలు వెదుకుతుంది. ఎక్కడా కనిపించదు. ప్రదర్శనశాలలో నాలుగో రాకుమారుని పోలిన వ్యక్తి ఎదురవుతాడు. కన్నీళ్లతో చూస్తున్న ఆమెను గుర్తించకుండానే అతడు ముందుకు సాగిపోతాడు.