కొండెక్కిన రాళ్లు, లెక్కకు రాని గుడిసెలు

మాచర్ల నుంచి విజయపురి సౌత్ దాటి వెళితే అనుపు వస్తుంది. మా బడి పిల్లలను విహారయాత్రకు ఎక్కువగా అక్కడికే తీసుకువెళతాం. దగ్గర, ఖర్చు తక్కువ, చూడవలసింది ఎక్కువ. అక్కడ నాలుగు వైపులా రాతి మెట్లున్న ఒక రంగస్థలం ఉంది. పిల్లలు పై మెట్టు మీద కూర్చుంటారు. ఒకరు కిందికి దిగి నడుమ నిలబడి మెల్లగా పేరు చెబితే పైవాళ్లకు వినబడుతుందా లేదా అని పందెం వేసుకుంటారు.

ఒకసారి అక్కడ నాలుగో తరగతి పిల్ల ఒకతె అడిగింది. "సార్, ఇది ఇక్కడ కట్టింది కాదంటగా. మరి దీని సొంతూరు యాడుంది?"

సాగర్ నీళ్ల వైపు చెయ్యి చూపించాం. "ఆ నీళ్ల అడుగున."

"మరి ఆ ఊళ్లో మనుషుల ఇళ్లు కూడా ఇట్టాగే తెచ్చి కట్టారా?"

మేము చెంచులం. ఆ ప్రశ్నకు జవాబు మాకు తెలుసు. అయినా ఆ రోజు పిల్లలకు సరిగా చెప్పలేకపోయాం. ఇప్పుడు చెబుదామని ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందు రాళ్ల సంగతి. ఇప్పుడు నీళ్లలో ఉన్న ఆ లోయ పేరు నాగార్జునకొండ లోయ. మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణ. వెనక మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో అది గుంటూరు జిల్లా పల్నాడు తాలూకాలో ఉండేది. లోయలో పుల్లారెడ్డిగూడెం అనే ఊరు ఉండేది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడి పంతులు అక్కడ ఒక పాత రాతి స్తంభాన్ని చూసి ప్రభుత్వానికి తెలియజేశాడు. ఆ కబురు అందుకుని శాసనాల శాఖలో తెలుగు అసిస్టెంటుగా ఉన్న రంగస్వామి సరస్వతి వచ్చి చూశాడు. ఆ తరువాతనే లోకానికి ఆ లోయ తెలిసింది.

ఆ స్తంభాన్ని అంతకుముందు ఎవరూ చూడలేదని మేము అనుకోం. పశువులు కాసేవాళ్లు, తేనె తీసేవాళ్లు, గడ్డలు తవ్వుకునేవాళ్లు ఆ రాళ్ల మీద కూర్చుని గంజి తాగే ఉంటారు. కాని చూసిన దాన్ని కాగితం మీద పెట్టి పంపింది ఆ పంతులు. మేమూ పంతుళ్లమే కాబట్టి ఆయన పేరు పిల్లల చేత నోట్సులో రాయిస్తాం.

1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపించాడు. 1938లో టి. ఎన్. రామచంద్రన్ వచ్చాడు. బయటపడింది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. క్రీస్తు శకం మూడో, నాలుగో శతాబ్దాల నగరం. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువుల శాంతమూలుడు ఏలిన కాలం. అక్కడి మహాచైత్యం చుట్టుకొలత బండి చక్రం లాంటిది. నడుమ కుంభి, దాని నుంచి ఆకులు, చుట్టూ పట్టీ, అలా ఇటుక గోడలు పేర్చారు. అడ్డకొలత 106 అడుగులు. దాన్ని పూర్తి చేయించిన దాత శాంతిసిరి, శాంతమూలుడి తోబుట్టువు. ఆమె పేరు మనకు తెలియడానికి కారణం ఒక్కటే. స్తంభాల మీద చెక్కించింది.

1955 డిసెంబరు 10న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ డ్యాంకు శంకుస్థాపన చేశాడు. డ్యాం కడితే లోయ అంతా మునుగుతుంది. అందుకని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయ మొత్తాన్ని తవ్వారు. నూరుకు పైగా చోట్ల పార పెట్టారు. బౌద్ధ ఆరామాలు ముప్పైకి పైగా, దేవాలయాలు, కోట, స్నానఘట్టం, చనిపోయినవారి కోసం నిలిపిన ఛాయాస్తంభాలు, అంతకంటే పాతవైన పెద్దరాళ్ల సమాధులు, రాతి పనిముట్లు, అన్నీ వెలికి వచ్చాయి.

ఆపైన చేసిన పని పెద్దది. ముఖ్యమైన కట్టడాలను కొలిచారు, పటాలు గీశారు, ఫోటోలు తీశారు. విప్పిన రాయి ఏ వరసలోదో గుర్తు పెట్టుకుని, పైకి మోయించి మళ్లీ అదే వరసలో పేర్చారు. అలా తొమ్మిది కట్టడాలను తిరిగి నిలబెట్టారు. మరో పద్నాలుగింటికి పెద్ద నమూనాలు కట్టారు. కొన్ని నాగార్జునకొండ మీద ఉన్నాయి, కొన్ని అనుపులో ఉన్నాయి. నీళ్లు నిండాక కొండ ద్వీపమైంది. 1966లో కొండ మీద మ్యూజియం తెరిచారు. మునిగిన లోయ ఎలా ఉండేదో చూపే నమూనా ఒకటి అందులో ఉంది. లాంచీలో వెళ్లి చూడవచ్చు.

ఈజిప్టులో అస్వాన్ డ్యాం కోసం అబూ సింబెల్ గుడులను 1964 నుంచి 1968 దాకా ముక్కలుగా కోసి అరవై మీటర్లకు పైగా ఎత్తుకు చేర్చారు. ప్రపంచం దాని గురించి చాలా గొప్పగా చెప్పుకుంటుంది. అంతకు పదేళ్ల ముందే మన పల్నాడులో ఈ పని మొదలైంది. తరువాత శ్రీశైలం డ్యాం వచ్చినప్పుడు అలంపురం దగ్గర పాపనాశి గుడులను, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని కూడా విప్పి ఎగువన కట్టారు. ఇది మెచ్చుకోవలసిన పనే. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. ఆ రాళ్లు నీళ్లపాలై ఉంటే ఆ పిల్లకు ప్రశ్న అడగడానికి మెట్టు కూడా ఉండేది కాదు.

ఇక ఆ పిల్ల ప్రశ్న. మనుషుల ఇళ్లు?

లేదు, తేలేదు. పుల్లారెడ్డిగూడెం పోయింది. నది ఒడ్డున ఉన్న ఊళ్లూ తండాలూ లేచిపోయాయి. మా అవ్వలు, తాతలు చెప్పేదాన్ని బట్టి మా వాళ్ల పెంటలు కొన్ని ఏటి దిగువన ఉండేవి. వేసవిలో చేపలకు దిగేవాళ్లు, వానలకు పైకి ఎక్కేవాళ్లు. నీళ్లు పెరుగుతూ వస్తుంటే ఒక్కొక్క పెంటా పైకి జరిగింది. ఏ పెంట ఎప్పుడు లేచిందో, ఎన్ని గుడిసెలో మా ఇంట్లో ఎవరికీ అంకె తెలియదు. పేర్లు మాత్రం నాలుగైదు మిగిలాయి. అవి కూడా పాటలో వచ్చినట్టు వస్తాయి తప్ప ఇదీ వరస అని చెప్పలేరు.

అప్పుడు అమలులో ఉన్న భూసేకరణ చట్టం 1894 నాటిది. కాగితం ఉన్న భూమికి వెల కట్టి డబ్బు ఇవ్వడమే అది చూసింది. అడవిలో ఉన్న గుడిసెకు కాగితం ఎక్కడిది? పట్టా లేదు, ఇంటి నంబరు లేదు. రాతి స్తంభానికి నంబరు ఉంది. మనిషి గుడిసెకు లేదు.

డ్యాం వద్దని ఉండవలసిందా అని మమ్మల్ని అడుగుతారు. కుడి కాలువ, అంటే జవహర్ కాలువ, పారిన తరువాత నరసరావుపేట, సత్తెనపల్లి వైపు మెట్ట చేలు మాగాణి అయ్యాయి. ఆ బియ్యం మేమూ తిన్నాం. అయితే ఏరు పక్కనే ఉన్న ఎగువ పల్నాడుకు నీరు ఎక్కలేదు. వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు జనం వరికపూడిసెల ఎత్తిపోతల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ వచ్చారు. ఎవరికి ఏం దక్కింది, ఎవరిది ఏం పోయింది అన్నది రెండు వైపులా రాసి ఉంటే ఇప్పుడు లెక్క చూసుకునేవాళ్లం. ఒక వైపు మాత్రమే రాసి ఉంది.

మా వాళ్లలోనే కొందరు అంటారు. "రాయి అయితే నిలబడుద్ది. వెదురు తడిక, గడ్డి కప్పు. దాన్ని ఎవరు కాపాడగలరు?" ఈ మాట నిజం కాదని చెప్పడానికి నాగార్జునకొండ తవ్వకాలే సాక్ష్యం. ఆ లోయలోనే కొత్త రాతియుగం మనుషుల నివాసాలు బయటపడ్డాయి. నేలలోకి తవ్వుకున్న గుంత ఇళ్లు, కప్పు నిలిపిన గుంజలు పాతిన గుంతలు కనిపించాయి. గుంజ ఎప్పుడో చీకిపోయింది. గడ్డి మట్టిలో కలిసింది. గుంత మాత్రం మిగిలింది. మట్టి రంగు తేడాను బట్టి ఆ గుంతను గుర్తుపట్టి, ఇక్కడ ఒక ఇల్లు ఉండేదని రాశారు. వేల ఏళ్ల నాటి గుంజ గుంతను చదవగలిగిన వాళ్లకు, అదే రోజుల్లో అదే లోయలో పొగ లేస్తున్న గుడిసె చదవదగినదిగా తోచలేదు. తప్పంతా వాళ్ల మీద వేయడం లేదు. మేమూ దాన్ని చరిత్ర అనుకోలేదు.

మా గూడెంలో చివరి చుట్టు గుడిసె ఒక ముసలి అవ్వది. మిగతావన్నీ కాలనీ ఇళ్లు అయ్యాయి. నాలుగు మూలల గోడలు, పైన స్లాబు. అవ్వకూ ఇల్లు మంజూరైంది. మంచిదే, వానకు తడవదు. కాని స్థలం ఒక్కటే కాబట్టి పాత గుడిసె తీసేయాలి. మేస్త్రీ వచ్చి రెండు రోజుల్లో చదును చేస్తానన్నాడు.

ఆ రెండు రోజుల్లో మేమూ, పెద్ద తరగతుల పిల్లలూ కలిసి నాగార్జునకొండ మీద చేసిన పనే చిన్నగా చేశాం. గుడిసె చుట్టుకొలత తాడుతో కొలిచాం. నిట్రాడు ఎత్తు, వాకిలి ఎత్తు, తడిక ఎత్తు రాసుకున్నాం. వాసాలకు తూర్పు నుంచి మొదలుపెట్టి సున్నంతో అంకెలు వేశాం. పొయ్యి రాళ్లు మూడింటికీ గుర్తులు పెట్టాం. ఫోన్‌తో ఫోటోలు తీశాం. ఆపైన విప్పి బడి ఆవరణలో వేప చెట్టు పక్కకు మోసుకువచ్చాం.

మళ్లీ నిలబెట్టేటప్పుడు మా తెలివి తెల్లారింది. సగం వాసాలు పుచ్చిపోయాయి. నార కట్లు ముట్టుకుంటే పొడి అయ్యాయి. అంకెలు ఉన్నాయి, వాసాలు లేవు. అవ్వ వచ్చి చూసి నవ్వింది. "పాత కర్రలు మోసకచ్చి ఏం చేస్తారయ్యా? వెదురు కొట్టకరాండి. కట్టే పద్ధతి నేను చెప్తా." నాలుగు రోజులు ఆమె కూర్చుని చెప్పింది, పిల్లలు కట్టారు. ఏ కట్టు ముందు వేయాలి, గడ్డి ఏ వైపు నుంచి కప్పుకు రావాలి, వాకిలి ఏ దిక్కుకు ఎందుకు ఉండకూడదు, అన్నీ చెప్పింది. నిట్రాడు, పొయ్యి రాళ్లు మాత్రం పాతవి. మిగతాదంతా కొత్తది. అయినా అది ఆమె గుడిసే అని గూడెమంతా ఒప్పుకుంది.

జపాన్‌లో ఇసే అనే చోట ఒక కొయ్య గుడి ఉంది. దాన్ని ఇరవై ఏళ్లకొకసారి పక్క స్థలంలో అదే కొలతలతో కొత్తగా కడతారు. వెయ్యేళ్లకు పైబడిన ఆచారం అది. 2013లో కూడా అలా కట్టారు. అక్కడ కాపాడేది కొయ్యను కాదు, కట్టే విద్యను. రాతి ఇంటికి రాయిని మోయాలి. వెదురు ఇంటికి కట్టడం తెలిసిన మనిషి దగ్గర కూర్చోవాలి. ఆ మనిషి పోయాక ఎన్ని అంకెలు వేసినా ఇల్లు లేవదు.

ఇదంతా మురిపెం కోసం చేసే పని కాదు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చింది. దాని నియమాల్లో సాక్ష్యాలుగా వేటిని చూడవచ్చో రాసి ఉంది. ప్రభుత్వ కాగితాలే కాదు, ఇళ్లు, గుడిసెలు, పాత బావులు, సమాధులు, దేవర ఉన్న చోట్లు కూడా సాక్ష్యాలే. పెద్దవాళ్లు చెప్పినది రాసుకున్న వాంగ్మూలం కూడా సాక్ష్యమే. మా లాంటి తెగలకు ఆవాస ప్రాంతం మీద హక్కు అడిగే వీలూ అందులో ఉంది. కృష్ణకు రెండు వైపులా నల్లమల పులుల అభయారణ్యం అయింది. గోదావరి మీద పోలవరం కింద కోయల, కొండరెడ్ల ఊళ్లు లేచిపోతున్నాయి. పెంట ఇక్కడ ఉండేదని నోటితో చెబితే ఆఫీసులో ఎవరూ రాసుకోరు. కొలత, పటం, పేరు, చెప్పిన అవ్వ వేలిముద్ర, తేదీ ఉంటే తోసేయడం అంత తేలిక కాదు.

అందుకే తోటి ఆదివాసీ టీచర్లకు మా మాట ఒకటే. మీ గూడెంలో పాత ఇల్లు కూలేలోపు ఒక తాడు, ఒక నోట్‌బుక్కు తీసుకుని వెళ్లండి. కట్టినవాళ్లు బతికి ఉంటే వాళ్ల మాటను వాళ్ల యాసలోనే రాయించండి. వాళ్ల తాతలు ఎక్కడెక్కడ ఉండి వచ్చారో వరసగా అడగండి. ఒక కాపీ బడిలో, ఒకటి గ్రామసభలో ఉంచండి.

మా బడిలో ఆ నోట్‌బుక్కు మొదలైంది. అనుపులో ప్రశ్న అడిగిన పిల్లే దస్తూరి. నీళ్ల అడుగున ఉన్న పెంటల పేర్లు ఇప్పటికి ఏడు దొరికాయి. రెండు పేర్ల దగ్గర ఇద్దరు తాతలకు మాట కుదరలేదు. ఇద్దరు చెప్పిందీ రాసి ఉంచాం.