బుక్క

తెలంగాణలోని చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లో గొంతులో అన్నం అడ్డుపడే మనిషి ‘బుక్క దిగుతలేదు’ అంటాడు. నోరు పట్టినంత అన్నం బుక్క. కోస్తావారి ముద్ద చేతిలో తయారవుతుంది, బుక్కకు మాత్రం నోరే కొలత. అందుకే దానికి ‘ఎడు’ చేరి బుక్కెడు అయింది. దోసెడు, పిడికెడు, జానెడు, గుక్కెడు... ఒంటితోనే లోకాన్ని కొలుచుకున్న కాలపు మాటలివి.

లాటిన్‌లో ‘బుక్కా’ అంటే బుగ్గ. ఫ్రెంచివారు నోటిని ‘బూష్’ అనడం దాన్నుంచే వచ్చింది. మన బుగ్గనూ బుక్కనూ దాని పక్కన పెడితే మాటల పిచ్చి ఉన్నవాడికి ఒళ్లు పులకరిస్తుంది. అయినా వెంటనే చుట్టరికం కలపకూడదు. పోలిక ఒక్కటే చాలదు, ధ్వనులు మారుతూ వచ్చిన దారి కూడా కనిపించాలి. ‘మింగు’కు ఆ దారి ఉంది. దాని పాత రూపం మ్రింగు, మలయాళంలో మిళుంగుక. క్రింద కింద అయినట్టే, ప్రేగు పేగు అయినట్టే, మ్రింగులోని రేఫ కూడా జారిపోయింది. ఇది ఒప్పుకోదగిన చుట్టరికం. బుక్కాతో మనకున్నది ముఖపరిచయం మాత్రమే.

ఈ జాగ్రత్త వైద్యుడికి మరీ అవసరం. ‘బుక్క దిగుతలేదు’ అన్న మనిషిని ఆయన వెంటనే అడగాల్సింది ‘గుక్క దిగుతోందా?’ అని. నీళ్లు దిగుతూ అన్నం మాత్రం ఆగుతుంటే తిండి దిగే గొట్టం ఎక్కడో ఇరుకైందని అనుమానం. మొదటి నుంచీ రెండూ ఆగుతుంటే గొట్టం కండరాల కదలికలో లోపం ఉండవచ్చు. రోగ నిర్ణయంలో సగం దూరం ఈ రెండు తెలుగు మాటల మధ్యే నడవచ్చు. నాకు ఇంతకన్నా ముచ్చటైన జంటపదం మరొకటి తోచదు.

ఆ గొట్టానికి మన పుస్తకాల పేరు అన్నవాహిక. గ్రీకులు పెట్టిన ‘ఈసోఫేగస్’ను కూడా పండితులు ‘మోసేది’, ‘తినడం’ అనే రెండు ముక్కలుగానే విడదీస్తారు. చరకుడు అన్నవహ స్రోతస్సు అన్నాడు. స్రోతస్సులోని ‘స్రు’ ధాతువుకూ డయేరియాలోని గ్రీకు ‘రెయిన్’కూ మూలం ఒకటే. రెండిటి అర్థమూ ప్రవహించడమే.

అన్నవాహిక ఇరుకు కావడానికి కారణాలు చాలా ఉన్నాయి. కడుపులోని ఆమ్లం పైకి తన్నడం, కాన్సర్, క్షయ ముందు గుర్తుకు రావాలి. వాటి వెనక, బహు అరుదుగా, పేగులు వాచి పుండ్లు పడే క్రోన్స్ వ్యాధి. 1932లో న్యూయార్క్ మౌంట్ సినాయ్ ఆసుపత్రికి చెందిన క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ దీన్ని వివరించినప్పుడు, చిన్నపేగు చివరి భాగంలో ఉందని ‘టెర్మినల్ ఇలియైటిస్’ అన్నారు. టెర్మినల్ అంటే రోగికి చావు కబురులా వినిపిస్తుందని ఒక వైద్యుడు అభ్యంతరం చెబితే ‘రీజనల్’గా మార్చారు. ఆ మాట మార్చినవారి మనసుకు దండం పెట్టాలి. తర్వాత జబ్బు పెద్దపేగులోనూ, నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా కనబడటంతో చోటును చెప్పే పేరు చాలలేదు. అక్షర క్రమంలో ముందున్న క్రోన్ పేరే నిలిచింది. చోటు ఊసెత్తని పేరు కాబట్టే అన్నవాహిక దాకా రాగలిగింది.

దీన్ని నగరాల జబ్బు అనుకునే రోజులు పోయాయి. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యుల పరిశీలనల్లో తెలంగాణ పల్లెల్లోనూ క్రోన్స్ లాంటి పేగుపూత జబ్బులు కనిపించాయి. చేవెళ్లలోనూ మొయినాబాద్ మండలంలోనూ ఇప్పుడు వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. ఎండోస్కోపీ గొట్టం దింపి పుండ్లను చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు.

అక్కడ దొరకవచ్చు గ్రాన్యులోమా, కణాలు గుమిగూడిన చిన్న గడ్డ. లాటిన్ ‘గ్రానుం’, అంటే గింజ, దాని మూలం. ఆ గ్రానుం పుట్టిన ధాతువుకు పండడం, ముదరడం అని అర్థం, దాని నుంచే సంస్కృత ‘జీర్ణ’ కూడా పుట్టింది. జీర్ణవస్త్రంలో అది పాతబడ్డది, జీర్ణకోశంలో అరిగినది. ఏమాత్రం పోలిక లేని గ్రాన్యులోమా, జీర్ణం రక్తసంబంధులు!

కానీ గ్రాన్యులోమా క్షయలోనూ ఉంటుంది. క్షయ గడ్డ నడుమ కణజాలం చచ్చి జున్నులా మారుతుంది, క్రోన్స్‌లో సాధారణంగా అలా మారదు. చిన్న ముక్కలో జున్ను కనబడకపోవచ్చు, అసలు గ్రాన్యులోమాయే దొరకకపోవచ్చు. అందుకే క్షయ క్రిమి కోసం జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేస్తారు. హెర్పిస్ లాంటి వైరస్‌లనూ, కాండిడా బూజునూ కాదని తేల్చుకుంటారు. అన్నవాహిక ఒక్కదానికే క్రోన్స్ రావడం ఇంకా అరుదు కనుక కొలనోస్కోపీతో చిన్నపేగు చివర కూడా చూస్తారు. పొరబడితే నష్టం పెద్దది. క్షయను క్రోన్స్ అనుకొని స్టెరాయిడ్లు ఇస్తే క్షయ విజృంభిస్తుంది. క్రోన్స్‌ను క్షయ అనుకుంటే నెలల తరబడి మాత్రలు మింగుతుండగానే గొట్టం మరింత బిగుసుకుంటుంది.

చికిత్సలో ఆమ్లాన్ని తగ్గించే మందులు, వాపు అణచడానికి కొంతకాలం స్టెరాయిడ్లు, తర్వాత అజాథయోప్రిన్, అవసరమైతే ఇన్‌ఫ్లిక్సిమాబ్. ఒంట్లో నిద్రపోతున్న క్షయను ఇన్‌ఫ్లిక్సిమాబ్ లేపగలదు కాబట్టి ముందే క్షయకు పరీక్ష చేయాలి. బిగుసుకున్న చోట ఎండోస్కోపీ ద్వారా బెలూన్ ఉబ్బించి మెల్లగా వెడల్పు చేస్తారు. లోపలి వాపు తగ్గకపోతే ఆ ఇరుకు మళ్లీ వస్తుంది. కనుక బుక్క దిగుతోంది కదా అని రోగి సొంతంగా మందులు మానకూడదు.