ఉలూపికి పడగ ఉందా?

నాగుల చవితినాడు పుట్టలో పాలు పోసి, చిమ్మిలీ చలిమిడీ నైవేద్యం పెట్టి ఇంటికి వస్తూంటే దారిలో మా మనవరాలు అడిగింది: "అమ్మమ్మా! అర్జునుడు పామునెలా పెళ్ళి చేసుకున్నాడు?"

"పాము కాదే పిచ్చిపిల్లా, నాగకన్య" అన్నాను.

"అంటే నడుం దాకా మనిషి, కిందంతా పామా?"

కేలండరు బొమ్మలూ, సినిమాలూ చూసి పెరిగిన పిల్ల, అలాగే అనుకుంటుంది మరి. ఏదో చెప్పి తప్పించుకున్నాను గాని, ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. మధ్యాహ్నం పనులన్నీ తెమిలాక భారతం ముందేసుక్కూర్చున్నాను.

అర్జునుడు తీర్థయాత్రలకని బయల్దేరి గంగాద్వారం చేరాడు. ఇప్పటి హరిద్వారమన్నమాట. స్నానం చేసి ఒడ్డెక్కబోతూంటే ఉలూపి నీళ్ళలోకి లాగేసింది. లోపలికి వెళ్ళాక అతనికి కనిపించిందేమిటనుకున్నారు? ఆమె తండ్రి కౌరవ్యుడి ఇంట్లో వెలుగుతున్న హోమాగ్ని! ఆ అగ్నిలోనే తన అగ్నికార్యం తీర్చుకుని, అప్పుడు తీరిగ్గా "నువ్వెవరి అమ్మాయివి? ఇదెవరి దేశం?" అని అడిగాడు. కొత్త ఊళ్ళో ఎవరైనా అడిగే ప్రశ్నలే. తోక చూసి బెదిరిపోయినట్టు ఎక్కడా లేదు. బ్రహ్మచర్య వ్రతంలో ఉన్నానని అతనంటే, ఆ నియమం ద్రౌపది విషయంలోనే గదా, ప్రాణం నిలబెట్టడమూ ధర్మమేనని ఆమె వాదించి గెలిచింది. ప్లీడరుకు తీసిపోదు!

మనం నాగకన్య, నాగకన్య అంటాం గాని, భీష్మపర్వంలో ఇంకో సంగతి ఉంది. ఉలూపి భర్తను గరుడుడు చంపేశాడు. పిల్లల్లేరు. దిక్కుతోచక ఉన్న ఆ బిడ్డను పెద్దాయనే అర్జునుడికిచ్చాడు. ఎంత సులువుగా చెప్పేశారో చూడండి. అదే మన రాజమండ్రిలో 1881లో వీరేశలింగంగారు వితంతు వివాహం చేయించడానికి ఎన్ని తిట్లు తినవలసి వచ్చింది! వాళ్ళకి పుట్టిన ఇరావంతుణ్ణి పినతండ్రి అర్జునుడి మీద పగతో వదిలేస్తే తల్లే పెంచింది.

అర్జునుడి మీద నాగులకి పగ ఎందుకంటారా? ఇంకెందుకు, ఖాండవం.

చిన్నప్పుడు హరికథల్లో ఆ ఘట్టం వింటూ అగ్నిహోత్రుడి ఆకలి తీరిందని సంతోషించినదాన్నే. ఈసారి చదివితే మనసు మరోలా అయింది. పదిహేను రోజులపాటు అడవి తగలబడింది. పారిపోబోయిన ప్రాణినల్లా కృష్ణార్జునులు రెండువైపులా నిలబడి మళ్ళీ మంటల్లోకే తోశారు. తక్షకుడు అప్పుడు కురుక్షేత్రంలో ఉన్నాడు. ఇంట్లో భార్య, కొడుకు అశ్వసేనుడు. ఆ తల్లి కొడుకును నోట్లో దాచుకుని మింగేసి పైకెగిరింది. అర్జునుడు బాణంతో ఆమె తల తెగగొట్టాడు. ఇంద్రుడు గాలి దుమారం లేపడం వల్ల కొడుకు మాత్రం బయటపడ్డాడు. వాడే పెద్దయ్యాక కర్ణుడి బాణంలో దూరి అర్జునుడి మీదికొచ్చాడు. తల్లిని చంపినవాణ్ణి మరిచిపోతాడా?

ఐరావతీ కర్వేగారు 1967లో మరాఠీలో 'యుగాంత' రాశారు. ఖాండవంలో కాలిపోయినవాళ్ళు పాములు కారు, అడవినే నమ్ముకున్న మనుషులంటారావిడ. అడవి పోతే పొలాలొస్తాయి, రాజధాని వస్తుంది. ఇంద్రప్రస్థం లేచింది ఆ పక్కనే. మయసభ కట్టినవాడు ఆ మంటల్లోంచి బతికిపోయిన మయుడే.

అలాగని నాగులంతా మనుషులేనని కొట్టిపారెయ్యడానికీ వీల్లేదు. జనమేజయుడి సర్పయాగంలో హోమగుండంలో పడ్డవి నిజమైన పాములే అన్నట్టుంటుంది. ఒక పేజీలో మనిషి, ఇంకో పేజీలో పాము. వానరులతోనూ ఇదే చిక్కు. కాకపోతే అర్జునుడి జెండా మీద కోతి ఉంది గనక అర్జునుడికి తోక ఉందని ఎవరూ అనలేదు! నాగులకి పడగ కూడా అలాంటి వంశ చిహ్నమే అయుంటుందని నా ఊహ.

మన అమరావతి శిల్పాలు చూడండి. నాగరాజు మామూలు మనిషే, తల వెనక మాత్రం పడగలు విప్పి ఉంటాయి. రాణిగారికి ఒక్కటే పడగ. (అక్కడా ఆడవాళ్ళకి తక్కువే!) చెవులకి దుద్దులు, చేతులకి గాజులు, నడుముకి మొలనూలు. కాళ్ళు శుభ్రంగా రెండూ ఉన్నాయి.

శాసనాల్లోకి వస్తే సందేహమే లేదు. క్రీ.శ. 4వ శతాబ్దంలో సముద్రగుప్తుడు ఓడించిన రాజుల్లో గణపతినాగుడు, నాగసేనుడు ఉన్నారని అలహాబాదు స్తంభం చెబుతుంది. ఆయన కొడుకు రెండో చంద్రగుప్తుడు కుబేరనాగను పెళ్ళాడాడు. గెలిచినవాళ్ళింటికి ఓడినవాళ్ళ ఆడపిల్ల కోడలై రావడం ఎప్పుడూ ఉన్నదే. ఆ దంపతుల కూతురు ప్రభావతీగుప్త వాకాటక రాజుకి ఇల్లాలై, భర్త పోతే పసికొడుకుల తరఫున రాజ్యమేలింది. పుణె తామ్రశాసనంలో మా అమ్మ నాగకులంలో పుట్టిందని గొప్పగా చెప్పుకుంది. పెళ్ళయినా పుట్టింటి గోత్రమే రాసుకుంది! నాగకులమంటే సిగ్గుపడే రోజులు కావవి.

ఉలూపి సంగతి పూర్తి చేస్తాను. ఇరావంతుడు కురుక్షేత్రంలో తండ్రి పక్షాన పోరాడి చచ్చిపోయాడు. తర్వాత అర్జునుడు కొడుకు బభ్రువాహనుడి బాణానికి పడిపోతే, మణి తెచ్చి బతికించింది ఉలూపే. కొడుకు పోయినా, తనవాళ్ళని కాల్చినా, అతన్ని బతికించింది. చివరికి పాండవులు మహాప్రస్థానానికి బయల్దేరితే ఆమె తిరిగి గంగలోకి వెళ్ళిపోయింది.

రాత్రి అన్నాలు పెడుతూ ఇదంతా మనవరాలికి చెప్పాను. అంతా విని, ముద్ద చేతిలోనే పట్టుకుని, "ఆ కొడుకును మింగి దాచుకుందే, ఆ అమ్మ పేరేంటి?" అంది.

చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ పుస్తకం తీశాను. ఖాండవ ఘట్టమంతా వెతికాను. తక్షకుడి భార్య అని ఉంది. పేరు లేదు.